పటం కింద బకెట్టు

ఆఫీసు తాళం తీయగానే అటెండరు తాత చేసే మొదటి పని బకెట్టు పారబోసి రావడం. గోడకు వేలాడే ఊరి మురుగు పైపుల పటం కింద ఉంటుందా బకెట్టు. ఊళ్లో జనం వాడి పారబోసిన నీళ్లలో నాలుగు చుక్కలు పటం ఎడమ మూల నుంచి, అంటే మురుగు శుద్ధి చేసే తొట్లు గీసిన చోటు నుంచి, అందులోకి కారుతుంటాయి. పొద్దున సబ్బు వాసన, మధ్యాహ్నం అంట్లు తోమిన వాసన. మురుగు పటమన్నాక కారదా మరి!

"మీ పిన్ని ఇవాళ నీలం చొక్కా కుడుతోందమ్మా," అంటూ తాత బకెట్టులోంచి తడి దారప్పోగు తీసి చూపించేవాడు. ప్లాన్లు గీసే ఆమె, ఆఫీసులో అందరికీ పెన్సిలమ్మ, నవ్వి ఊరుకునేది. పల్లపు వీధిలో పిన్నికో టైలరింగ్ గది ఉంది. తల్లిలేని పెన్సిలమ్మను ఆ గదిలో మిషను తొక్కే చదివించింది. ఇంటికొచ్చి ఉండమని పదేళ్లుగా బతిమాలుతున్నా, "నా గది నాకుండగా నీ ఇంట్లో నాకేం పనే?" అని కొట్టిపారేసేది.

అంతలో హైవే వచ్చిపడింది, సరిగ్గా ఊరికీ తొట్లకీ నడుమ. పాత పైపు తీసేసి రోడ్డు అడుగున కొత్త పైపు వెయ్యాలి. గురువారం సాయంత్రానికి ప్లాను మీద సంతకాలు పడాలి. శుక్రవారం రోడ్డువాళ్లు కాంక్రీటు పోస్తారు, ఆ తర్వాత తవ్వనిచ్చే నాథుడే ఉండడు.

పెద్దసారు అంకెలిచ్చాడు, పెన్సిలమ్మ గీత గీసింది. గీసిందో లేదో పటం మూల ఎండిపోయి, పల్లపు వీధిలో పిన్ని గది మీద చెమ్మ తేలింది. టప్పు టప్పున చుక్కలు మొదలయ్యాయి.

"మేకు వంకరేమో చూడండి," అన్నాడు పెద్దసారు.

మేకు సరిచేశారు. తాత బకెట్టు జరిపాడు. పెన్సిలమ్మ లెక్క మూడుసార్లు చేసింది. మూడుసార్లూ వాలు దివ్యంగా ఉంది, నీళ్లు తొట్లకే పోవాలి. మరి ఈ చెమ్మేమిటి?

"లెక్క తప్పంటారా, పటం తప్పంటారా సార్?"

"లెక్కా రైటే, పటమూ రైటే. నా బుర్రే పనిచేయట్లేదు," అని పెద్దసారు టీ తాగడానికి వెళ్లిపోయాడు.

తల బద్దలవుతుంటే బుధవారం మధ్యాహ్నం పెన్సిలమ్మ పిన్ని దగ్గరికి పోయింది. పిన్ని ఒక చొక్కా చెయ్యి ఊడదీస్తూ తనను తానే తిట్టుకుంటోంది.

"ఏమైంది పిన్నీ?"

"నా మొహం అయింది. కొత్త టేపుతో కొలిచి పాత టేపుతో కత్తిరించా. పాతదానికి మొదటి అంగుళం ఊడిపోయి ఏళ్లయింది కదా. చెయ్యి పొట్టిదయి కూర్చుంది."

పెన్సిలమ్మ కూర్చున్నదల్లా లేచి పరుగెత్తింది.

రోడ్డువాళ్లు ఎత్తులన్నీ తాము పాతిన రాయి నుంచి కొలుస్తారు. ఊరివాళ్లు ఏనాటి నుంచో నీళ్ల ట్యాంకు మొదటి మెట్టు నుంచి కొలుస్తారు. ఎవరి సున్నా వాళ్లది. పెద్దసారు ఆ రెండు రకాల అంకెల్నీ ఒకే కాగితం మీదికి ఎక్కించేశాడు. వెళ్లి చూస్తే మెట్టుకన్నా రాయి రెండు మూరలు ఎత్తున ఉంది. అంటే కొత్త పైపు కూడా అనుకున్నదానికన్నా రెండు మూరలు పైనే పడుతుంది. ఊరి మురుగంతా వెనక్కి తన్ని పల్లపు వీధి ఇళ్లలోకి వస్తుంది.

"అయితే పైపు దించేద్దాం," అన్నాడు పెద్దసారు, మొహం ఇంత చేసుకుని.

"దించితే అవతల తొట్లలోకి ఎక్కదు సార్, వాటి ఎత్తూ ఆ రాయి నుంచి కొలిచిందే. పల్లంలో బావి తవ్వి, పంపుతో ఎత్తిపొయ్యాల్సిందే."

బావిని వీధి మొదట్లో గీసింది, చివర్లో గీసింది. చుక్క ఆగలేదు. గుండె చిక్కబట్టుకుని పిన్ని గది మీద గీసింది. టక్కున ఆగింది. చెరిపితే మళ్లీ టప్పు. ఆ గది కోసమే కదా ఇంత పరుగూ పెట్టింది! తను చేస్తున్నది మంచో చెడో ఆమెకు అంతుపట్టలేదు.

గది పోతుందని గురువారం పొద్దున్నే పిన్నికి చెప్పింది. తిరుగుతున్న మిషను చక్రాన్ని పిన్ని చేత్తో ఆపింది.

"అప్పుడు మిగతా ఇళ్లల్లోకి రాదా?"

"రాదు పిన్నీ."

"అయితే గియ్యి. నన్నింకేం అడక్కు."

సాయంత్రానికి సంతకాలు పడ్డాయి. బావి తవ్వకం మొదలయ్యేనాటికి పిన్ని, మిషనుతో సహా, పెన్సిలమ్మ ఇంటికొచ్చింది. మిషను కిటికీ కింద పెడితే, దాని మీద దుప్పటి కప్పేసింది.

"ఇక కుట్టనులేవే. కళ్లు ఆనట్లేదు."

కళ్లు బాగానే ఉన్నాయని ఇద్దరికీ తెలుసు. ఆఫీసులో పటం మళ్లీ ఎడమ మూల నుంచే కారుతోంది. సబ్బు వాసన, అంట్ల వాసన అన్నీ ఉన్నాయి, దారప్పోగు మాత్రం లేదు. తాత బకెట్టులోకి తొంగిచూసి తీసుకెళ్లేవాడు. పెన్సిలమ్మకు అన్నం సయించేది కాదు.

పిన్ని వచ్చిన తొమ్మిదో రోజు మధ్యాహ్నం తాత ఆమె బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. అరచేతిలో తడిసిన ఎర్ర దారప్పోగు.

"మీ ఇంటి పైపులోంచే వచ్చినట్టుందమ్మా."

పెన్సిలమ్మ దాన్ని వేలికి చుట్టుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"నేను బయల్దేరేటప్పుడు కూడా పిన్ని గోడవైపు తిరిగి పడుకునే ఉంది తాతా."

"మీరొచ్చాక లేచుంటుంది," అన్నాడు తాత, బకెట్టు పారబొయ్యడానికి వెళ్తూ.