కాలవ కట్టేసేలోగా

తెరేసమ్మ టీచరు వేసవి సెలవులకి పథకాలు వెయ్యడంలో చెయ్యి తిరిగిన మనిషి. వాటి అమలు సంగతి మాత్రం అడక్కండి, అది వేరే డిపార్టుమెంటు. ఓ ఏడు కుట్టు నేర్చుకుంటానని మిషను కొనిపించింది. ఆ మిషను మీద ఇవాళ్టికీ అప్పడాల డబ్బా కూర్చుని ఉంది. ఇంకో ఏడు హిందీ పరీక్షకి ఫీజు కట్టింది. సరిగ్గా పరీక్ష రోజునే ఆవకాయకి కాయలు దిగాయి. మరో ఏడు వేళాంగణి యాత్ర అంది. మొగుడూ పెళ్ళాలు విజయవాడ బస్టాండు దాకా వెళ్ళి, ఎండ చూసి, చెరో సోడా తాగి తిరిగొచ్చారు.

ఆవిడ భర్త బాలశౌరి విజయవాడ వన్ టౌన్‌లో ఓ బట్టల కొట్లో గుమస్తా. కంకిపాడు నుంచి రోజూ బస్సులో వెళ్ళొస్తాడు. ఫిబ్రవరి రాగానే కాఫీ గ్లాసు పట్టుకుని అడగడం ఆయనకి అలవాటు.

"ఈ ఏడు మన ప్రోగ్రాం ఏమిటి, తెరేసా?"

"ఈత నేర్చుకుంటానండీ," అందావిడ.

బాలశౌరికి కాఫీ పొలమారింది. పొలమారదా మరి. తెరేసమ్మది మైలవరం అవతల మెట్ట ఊరు. నీళ్ళంటే ఆవిడ లెక్కలో బావిలో ఉండేవి, చేంతాడు కొసన బకెట్లో పైకొచ్చేవి. కదిలే నీళ్ళు చూస్తే కళ్ళు తిరుగుతాయి. కంకిపాడు వచ్చి తొమ్మిదేళ్ళయినా కాలవ వంతెన మీద రోడ్డుకి నట్టనడుమ నడుస్తుంది, వెనకాల బస్సు హారను కొట్టినా పక్కకి తప్పుకోదు.

అలాంటి మనిషికి ఈత మీదికి మనసెందుకు పోయిందంటే, సమితి ఆఫీసు నుంచి ఆర్డరొచ్చింది. ప్రమోషను. జూన్‌లో బళ్ళు తెరిచేసరికి హెడ్మిస్ట్రెస్‌గా చేరాలి. ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన కుర్చీ. కాకపోతే ఆ కుర్చీని ప్రభుత్వం వారు తీసుకెళ్ళి కృష్ణలో ఓ లంక మీద వేశారు. కరకట్ట దిగి పడవెక్కాలి. వానలు పడ్డాక రోజూ వెళ్ళిరావడం కుదరదు, అక్కడే గది తీసుకుని శనివారం శనివారం ఇంటికి రావాలి. ఇక్కడ బడి మూసే రోజులోగా ఒప్పుకున్నట్టు సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఆ కుర్చీ తర్వాతి సీనియరుకి పోతుంది.

తర్వాతి సీనియరు శేషగిరిరావు మాస్టారు. అదే బళ్ళో లెక్కలు చెబుతాడు. పాపం మంచివాడే. మధ్యాహ్నం టిఫిను క్యారియరు విప్పుతూ, ఆవిడ మేలు కోరి, రోజుకో పడవ ప్రమాదం చెప్పేవాడు.

"మా తోడల్లుడు చెప్పాడండీ తెరేసమ్మగారూ, సుడికి చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ అన్న తేడా ఉండదటండీ."

ఆ పూట ఆవిడకి అన్నం సహించేది కాదు. ఆయనకి మాత్రం గోంగూర పచ్చడితో చక్కగా సహించేది.

పడవలో ధైర్యంగా కూర్చోవాలంటే, పడితే తేలడమన్నా రావాలని ఆవిడ తీర్మానించుకుంది. ఈ ప్రమోషను సంగతి పిల్లలెవరికీ చెప్పలేదు. వచ్చే ఏడు తెరేసమ్మ టీచరే తమకి ఏడో తరగతి చెప్పి కామన్ పరీక్ష గట్టెక్కిస్తుందని ఆరో తరగతి పిల్లలు ధీమాగా ఉన్నారు. వాళ్ళ మొహాలు చూస్తే ఆవిడకి నోరు పెగల్లేదు.

అప్పుడే ఇంకోటి తెచ్చి నెత్తిన పెట్టుకుంది. విజయవాడలో టీచర్లకి ట్రైనింగు క్లాసులు పెడితే, అక్కడో పెద్దమనిషి చెప్పాడట: పిల్లలకి మీరు పని చెప్పకండి, ఎవరికిష్టమైన పని వాళ్ళనే ఎంచుకోనివ్వండి, మీరు గోడకి చేరబడి చూస్తూ ఉండండి అని. గోడకి చేరబడ్డం అన్న ముక్క తెరేసమ్మకి బాగా నచ్చింది. వచ్చీ రాగానే శనివారం ఆఖరి రెండు పీరియడ్లకి "మీ ఇష్టం పీరియడ్లు" అని పేరు పెట్టేసింది. ఏం ఎంచుకున్నా తను అడ్డు చెప్పదు, బడి మూసేలోగా పూర్తి చెయ్యాలి, అంతే షరతు.

ఓ జట్టు కుంకుడుకాయలతో సబ్బు చేస్తామంది. ఓ జట్టు ఊళ్ళో కోళ్ళన్నిటికీ పేర్లు పెడతామంది. మిగతావాళ్ళు బిక్కమొహాలేసుకుని కూర్చుంటే, వాళ్ళకి దారి చూపిద్దామని తన సంగతి చెప్పింది.

"ఇప్పుడు నేనున్నానర్రా. ఎండాకాలం సెలవుల్లో ఈత నేర్చుకోవాలని నా ఇష్టం."

క్లాసు క్లాసంతా ఘొల్లుమంది.

"ఏం, ఎందుకా నవ్వు?"

రెండో బెంచీలోంచి జానకి లేచింది. అరటి తోటల వెంకటప్పయ్య కూతురు, బడికంతటికీ సరిపడా నోరున్న పిల్ల. "సెలవుల్లో కాలవ కట్టేస్తారు గదండీ టీచర్. బురదలో ఈదుతారా అండీ?"

డెల్టాలో ఏ పసిపిల్లనడిగినా చెబుతుంది. దాళ్వా, అదే రెండో పంట, కోతలయ్యాక పైన లాకులు దించేస్తారు, జూన్ దాకా నీళ్ళు వదలరు. ఆ రెండు నెలలూ కాలవలో గేదెలు కూడా నిలబడే ఉంటాయి. ఏటేటా కాలవ కట్టేసే ముందు ఇంట్లో ఉన్న గాబులన్నీ నింపుకునే మనిషికి ఇది తెలీదా అంటే, భేషుగ్గా తెలుసు. మరి ఈతని ఆ రోజుల్లోనే ఎందుకు పెట్టుకుందీ అంటే, ఆవిడ మనసు ఆవిడకన్నా గడుసుది. నీళ్ళు లేనప్పుడు ఈత నేర్చుకుంటే ఏ భయమూ ఉండదు కదా.

"మేం నేర్పుతామండీ," అంది జానకి. "కాలవ కట్టేసేలోగా. ఇదే మా ప్రాజెక్టు."

పక్కనున్న సంపూర్ణ, రమాసుందరి కూడా లేచి నిలబడ్డారు. "మీరు అడ్డు చెప్పనన్నారండీ," అని గుర్తు చేసింది సంపూర్ణ.

గోడకి చేరబడ్డ టీచరు అలాగే గోడకి అతుక్కుపోయింది.

మర్నాటి నుంచీ తెల్లారగట్ల ఆడవాళ్ళ రేవులో బడి మొదలైంది. జానకి వాళ్ళ తోటలోంచి అరటి బోదె తెచ్చింది. దాన్ని వాటేసుకుని కాళ్ళు కొట్టాలి. తెరేసమ్మ వాటేసుకోవడం వరకూ బ్రహ్మాండంగా చేసింది, కాళ్ళు మాత్రం రేవు మెట్టు వదల్లేదు. బట్టలుతకడానికొచ్చే వెంకటరత్నమ్మ చేతిలో బట్ట బండకేసి కొట్టడం మాని చూసింది.

"టీచరమ్మా, మెట్టు ఎక్కడికీ పోదులెండి, కాస్త వదలండి."

మూడో రోజుకి ఆవిడలో ఉన్న బద్ధకపు విద్యార్థి బయటికొచ్చింది. తలనొప్పంది. జలుబంది. సంపూర్ణ ఇంటికొచ్చి జండూబాం రాసి మరీ లాక్కెళ్ళింది. చివరికి తపస్సుకాలం నడుస్తోంది, ఈస్టరు దాకా ఉపవాసంలో ఇవన్నీ కూడదని పెద్ద సాకు పట్టింది. సంపూర్ణ కూడా చర్చి గుడికెళ్ళే పిల్లే. ఆదివారం పూజ అవగానే ఫాదరుగారినే అడిగేసింది. "మాంసం మానమన్నారు గానీ కాలవ మానమన్లేదటండీ," అని వచ్చి చెప్పింది. బాలశౌరి పక్కకి తిరిగి నవ్వుకున్నాడు. ఆ వారమే వన్ టౌన్ నుంచి పాత లారీ ట్యూబొకటి భుజాన వేసుకొచ్చాడు. జానకి దాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, "ఇవి చిన్నపిల్లలకండీ," అని పక్కన పెట్టేసింది.

జానకి తన టీచర్లో టీచరు లక్షణాలన్నీ ఎప్పుడో పట్టేసింది. నడుం మీద చేతులేసుకుని, "శ్రద్ధ లేదు. మళ్ళీ చెయ్యండి," అనేది. "ఎక్కడ చూస్తున్నారు? నేనిక్కడుంటే," అనేది. ఆ మాటలు తనవేనని తెరేసమ్మకి తెలుస్తూనే ఉంది. ఇంత చికాకుగా వినబడతాయని మాత్రం ఇన్నాళ్ళూ తెలీదు.

అయితే ఒకటుంది. మార్చి నెలాఖరుకి ఓ పొద్దున కాళ్ళు వాటంతటవే లేచాయి. ఏప్రిల్ వచ్చేసరికి బోదె లేకుండా నాలుగు బారలు వేసింది. నోట్లోకి నీళ్ళు పోయి, దగ్గుతూ, జుట్టంతా మొహానికంటుకుని పైకి లేచిన మనిషి నవ్వు చూడాల్సిందే. పెళ్ళైన కొత్తలో కూడా బాలశౌరి ఆ నవ్వు చూసి ఉండడు. పిల్లలు ముగ్గురూ ఆవిడ చుట్టూ గెంతారు. ఆ రోజు బళ్ళో ఎవరినీ కసురుకోలేదు.

రోజూ తడిజుట్టు ముడేసుకొస్తున్న ఆవిణ్ణి శేషగిరిరావు మాస్టారు గమనిస్తూనే ఉన్నాడు. పడవ ప్రమాదాలు కూడా అయిపోవచ్చాయి, చెప్పినవే చెబితే బావుండదు. చివరి వారంలో ఆవిడ సమితి ఆఫీసు పని మీద వెళ్ళిన పూట ఆరో తరగతిలోకి వచ్చి, సుద్దముక్క చేతిలో ఎగరేస్తూ, "మీ టీచరు ఈత ఎందుకు నేర్చుకుంటోందో తెలుసా అర్రా? లంకలో బడికి హెడ్మిస్ట్రెస్‌గా పోవడానికి. చేతులారా మీరే పంపించేస్తున్నారు," అని చెప్పి, ఏమీ ఎరగనట్టు భిన్నాలు మొదలెట్టాడు.

మర్నాడు రేవులో పిల్లలెవరూ లేరు. తెరేసమ్మ అరటి బోదె పట్టుకుని చాలాసేపు నిలబడింది.

"పిల్లలకి తెలిసిపోయిందంటమ్మా," అంది వెంకటరత్నమ్మ, ఆవిడ మొహంలోకి చూడకుండా. ఊళ్ళో ఏ కబురైనా ముందు రేవుకే వస్తుంది.

కాలవ మీద పనిచేసే లస్కరు సైకిలు ఆపకుండానే కేకేసి వెళ్ళాడు, సోమవారం నీళ్ళు కట్టేస్తున్నారు, నింపుకునేవాళ్ళు నింపుకోండని. బడికి ఆఖరి రోజూ ఆ సోమవారమే. సంతకానికీ అదే ఆఖరి రోజు. ఒంటరిగా దిగడానికి ఆవిడకి ధైర్యం చాల్లేదు. బోదె మెట్ల మీదే వదిలేసి ఇంటికొచ్చింది.

శనివారం మీ ఇష్టం పీరియడ్లలో అందరూ తమ తమ పనులు చూపించారు. సబ్బు నురగ రాలేదు, దురద మాత్రం వచ్చింది. కోళ్ళలో సగం పండక్కి కూరైపోయాయి గానీ పేర్లు మిగిలాయి. జానకి వంతు వచ్చింది. లేచి, కిటికీ వైపు చూస్తూ నిలబడింది.

"మాది పూర్తి కాలేదండీ."

"ఎందుకు కాలేదు?"

"పూర్తయితే మీరెళ్ళిపోతారు గదండీ. ముందే చెప్తే మేం కూడా కోళ్ళకి పేర్లు పెట్టుకునేవాళ్ళం."

ఎవరూ నవ్వలేదు. చెప్పాల్సింది, చెప్పలేదు, తప్పు నాదే అనాలనుకుంది తెరేసమ్మ. "కూర్చో," అని మాత్రం అనగలిగింది.

ఆ రాత్రికి కూడా కాగితం మీద సంతకం పడలేదు. ఆదివారం తెల్లవారుతుండగా లేచింది. పూజకి ఇంకా టైముంది. కొంగు నడుముకి చుట్టి బిగించి, బోదె లేకుండా రేవుకి వెళ్ళింది. ఏడిస్తే నీళ్ళలోనే ఏడవచ్చు, ఎవరికీ కనబడదు అన్నట్టుంది నడక. పిల్లలు మొదలెట్టిన పని పిల్లలు వదిలేసినా తను వదలకూడదని మొండితనం. మెట్లు దిగుతూనే కళ్ళు గట్టిగా మూసుకుంది. మూసుకుంది కాబట్టి, లస్కరు చెప్పినదానికన్నా ముందే, రాత్రికి రాత్రే, పైన లాకులు దించేశారనీ, ఎప్పుడూ మునిగి ఉండే మెట్లు మూడు పాచితో పైకి తేలి ఉన్నాయనీ చూడలేదు. సిలువ గుర్తు వేసుకుని ముందుకి పడింది.

ఎలా ఈదిందో ఆ దేవుడికే తెలియాలి. చేతులు ఒకవైపు, కాళ్ళు ఒకవైపు. నీళ్ళు తాగింది, కక్కింది, మళ్ళీ కొట్టింది. తొమ్మిదేళ్ళుగా వంతెన మీంచి కూడా సరిగ్గా చూడని కాలవని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి దాటింది. చేతికి అవతలి గట్టు గడ్డి తగిలాక అప్పుడు కళ్ళు తెరిచింది.

"నిలబడండి టీచర్," అని ఇవతలి రేవులోంచి గొంతు వినబడింది. జానకి. ఎప్పుడొచ్చిందో, పై మెట్టు మీద కూర్చుని ఉంది. "నడుం లోతేనండీ."

తెరేసమ్మ నిలబడింది. నిజంగానే నడుం లోతే. జానకి నవ్వు ఆపుకోవాలని చూసింది, కుదర్లేదు. నవ్వీ నవ్వీ ఏడుపులోకి దిగింది. పావడా ఎగ్గట్టి, నీళ్ళలో నడుచుకుంటూ కాలవ దాటొచ్చింది. ఇద్దరూ తడి గట్టు మీద పక్కపక్కనే కూర్చున్నారు.

"ఇది లెక్కలోకి రాదండీ," అంది జానకి, ముక్కు తుడుచుకుంటూ. "ఎక్కడ కావాలంటే అక్కడ నిలబడొచ్చు."

"నాకు తెలీదుగా జానకీ."

జానకి గడ్డి పీకుతూ కూర్చుంది. కాసేపటికి, "వెళ్తారా అండీ?" అంది.

"వెళ్తానే. నాకు వెళ్ళాలనే ఉంది," అంది తెరేసమ్మ. అని, పిల్ల ముందే కళ్ళు తుడుచుకుంది. "మిమ్మల్ని వదిలి వెళ్ళాలని మాత్రం లేదు. రెండూ నిజమే. ఏం చెయ్యను చెప్పు?"

జానకి ఆలోచించింది. తర్వాత లేచి, నడుం మీద చేతులేసుకుంది.

"అవతలికి పోవడం ఒక్కటే నేర్పామండీ. శనివారం శనివారం లంక నుంచి ఇంటికొస్తారు గదా, అప్పుడు మాకు కామన్ పరీక్షకి పాఠాలు మీరు గాక ఎవరు చెప్తారు, శేషగిరిరావు మాస్టారా? తిరిగి రావడం కూడా రావాలి. దిగండి."

"నడుం లోతేగదే."

"కళ్ళు మూసుకోండి."

టీచరు కొంగు మళ్ళీ బిగించి, కళ్ళు మూసుకుని దిగింది. ఆవిడ మోకాళ్ళు బురదకి గీసుకుపోతున్నా, జానకి పక్కనే నడుస్తూ, "శ్రద్ధగా, శ్రద్ధగా," అంటూ రేవు దాకా తీసుకొచ్చింది.