బుట్టలో అన్నీ మంచి వాక్యాలే

ముందే చెబుతున్నాను, జాతకాలంటే నాకు ఒళ్ళు మంట. మా కింది ఫ్లాట్ వైశాలి ఉంది చూడండి, హైదరాబాద్ పిల్ల, ఇక్కడ జర్మనీలో, వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్ల సాఫ్ట్‌వేర్ రాస్తుంది. అంత చదువు చదివి, కొత్త కారు తెచ్చుకోవడానికి వెళ్ళి, రాహుకాలం పోలేదని షోరూములో తాళాలు చేత్తో పట్టుకుని కూర్చుంది. అమ్మేవాడు కారులో ఏదో లోపం కనిపెట్టిందనుకుని హడలిపోయాడట. "నీ రాహువుకి జర్మన్ వచ్చా వైశాలీ?" అని ఏడిపించాను. నవ్వింది గానీ మానలేదు.

మేం భీమవరం క్రైస్తవులం. పంచాంగం మా గడప తొక్కలేదు. మాకున్నదల్లా వాగ్దాన కార్డు. కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక మా చర్చి సహవాసంలో పెద్దావిడ సిల్వీ ఆంటీ బుట్ట పట్టుకుని వస్తుంది. కళ్ళు మూసుకుని ఒక కార్డు తీసుకోవాలి. అందులో ఏ వాక్యం వస్తే ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట అదే. ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మీద అంటించుకుంటాం. అది జాతకం ఎలా అవుతుందండీ?

ఈ ఏడు మా ఆయన జాన్‌బాబుకి స్వస్థత వాక్యం వచ్చింది.

ఆయన మెడలో గడ్డ ఉంది. థైరాయిడ్. సూది పెట్టి చూసి, అనుమానంగా ఉంది, తీసేయాలి, ఆలస్యం చేయొద్దన్నారు డాక్టర్లు. జనవరిలో ఒక సోమవారం ఆపరేషన్‌కి టెర్మిన్, అదే ఇక్కడి అపాయింట్‌మెంట్, దొరికింది. అది దొరకడానికి నేనెంత మందిని బతిమాలానో నాకే తెలుసు. తీరా ఆదివారం మధ్యాహ్నం, అన్నం ముందు కూర్చుని ఈయన ఏమన్నాడనుకున్నారు?

"రేపు నేను వెళ్ళట్లేదు లీలా."

గరిటె నా చేతిలోనే ఉండిపోయింది.

"ఏంటండీ మీరనేది?"

"దేవుడు బాగు చేస్తానని మాటిచ్చాక మళ్ళీ కత్తెందుకే? అది అవిశ్వాసం కాదా?"

"క్యాన్సర్ అయ్యుండొచ్చు అన్నాడు డాక్టరు. విన్నారా, లేదా?"

"అయ్యుండొచ్చు అన్నాడు, అంతే. కార్డులో దేవుడు తేల్చి చెప్పేశాడు."

"తలనొప్పొస్తే మాత్ర మింగరా మీరు? అప్పుడెక్కడికి పోయింది ఈ విశ్వాసం?"

ఆయన కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, మా ఇంట్లో అది తిరగబడింది. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. కోపం కాదులెండి, భయం. వచ్చే నెల, వచ్చే ఏడు, ఈ మనిషి ఉంటాడా అన్న భయం. ఫోన్ తీసి సిల్వీ ఆంటీకి కలిపి, ఆయన ముందే స్పీకర్ పెట్టాను.

"ఆంటీ, బుట్టలో వేసే కార్డులు ఎవరు ఏరతారు?"

"నేనేనమ్మా. నేనే ఏరి, నేనే ప్రింట్ తీసి, నేనే కత్తిరిస్తాను. ఏం, సరిగ్గా తెగలేదా?"

"తీర్పులు, శాపాలు, శ్రమలు, అవి కూడా వాక్యమే కదా. అవీ వేస్తారా?"

"అయ్యో, పండగ పూట అలాంటివి ఎవరిస్తారే? అన్నీ మంచివే వేస్తాను. ఈసారి స్వస్థతవి కాస్త ఎక్కువ వేశాను, అందరికీ ఒంట్లో బాలేదు గదా పాపం!"

ఫోన్ పెట్టేశాను. విన్నారా, అన్నట్టు ఆయన వైపు చూశాను.

"నాకు తెలీదనుకున్నావా?" అన్నాడు మెల్లగా. చెయ్యి మెడ మీద ఉంది. "గడ్డ పక్కనే గొంతు నరం ఉంటుందంట. దానికి దెబ్బ తగిలితే గొంతు పోవచ్చని చెప్పి మరీ సంతకం చేయించుకున్నారు. ఆ కార్డు తలుచుకున్నంతసేపే నాకు భయం లేదు. అది కూడా లాగేసుకున్నావు."

మా సహవాసంలో పాట ఎత్తుకునేది ఆయనే. ఆ గొంతు వినే నేను పెళ్ళికి ఒప్పుకున్నాను.

"నేనుంటాను కదండీ."

"నువ్వుండి ఏం చేస్తావే?"

పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన లాక్కోకుండా, "పొద్దున్నే లేపు," అన్నాడు.

సోమవారం వైశాలే తన కారులో మమ్మల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. దారంతా చీకటి. ఆయన్నే మొదట లోపలికి తీసుకెళ్ళారు. మంచం తలుపు దాటుతుంటే, "లీలా, ఏమైనా తిను," అన్నాడు. ఆ మాట కంటే ఆ గొంతే విన్నాను. మళ్ళీ వింటానో లేదో అని చెవులు రిక్కించి విన్నాను.

బయట కుర్చీల్లో కూర్చున్నాం. వైశాలి ఫోన్‌లో ఏదో చూసి గబుక్కున బోర్లా పెట్టేసింది.

"ఏం చూశావు?"

"ఏం లేదక్కా."

"చెప్పు."

"చెప్తే తిడ్తవ్."

"తిట్టను. చెప్పవే తల్లీ."

"ఇయ్యాల సోమవారం గదక్కా. పొద్దుగాలనే రాహుకాలం ఉంటది."

"ఇండియా టైమా, ఇక్కడి టైమా?"

అడిగింది నేనేనా అని నాకే అనిపించింది. వైశాలి నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"పొద్దు పొడిచిన కాడికెల్లి లెక్కక్కా. ఈడ ఇంకా పొడవనే లేదు. పొడిచినంక జరసేపటికి మొదలైతది. అప్పటిదాంక ఏం కాదు."

ఆపరేషన్ ఎంతసేపు పడుతుందో చూస్తే గానీ చెప్పలేమన్నారు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. ఫ్యాక్టరీ పొగగొట్టాల వెనక ఆకాశం అప్పుడే తెల్లబడుతోంది.

కళ్ళు గట్టిగా మూసుకున్నాను. "ప్రభువా, ఆయన బయటికి వచ్చేదాకా పొద్దు పొడవనివ్వకు," అని ప్రార్థన చేశాను. ఆమెన్ అన్నాక కూడా, కళ్ళు తెరిచే ధైర్యం లేక అలాగే నిలబడ్డాను.