దుప్పటికి అవతలి కొస

దుప్పటి గాలిలోకి లేచి, దిగాలా వద్దా అని ఆలోచించే మబ్బులా కాసేపు ఆగి, ఇద్దరి మధ్యా మెల్లగా వాలింది. గుమ్మడి తన రెండు మూలలూ పట్టుకుని వెనక్కి నడిచింది. అవతలి కొస తోటికోడలు పుల్ల పట్టుకుంది. దులిపి, దగ్గరకొచ్చి, మూలకు మూల కలిపి, మళ్ళీ విడిపోయారు. ఆసుపత్రి కింది అంతస్తులోని ఆ లాండ్రీలో ఆవిరి ఎప్పుడూ కమ్ముకునే ఉంటుంది. ఎదుటి మనిషి కలలో మనిషిలా కనబడీ కనబడకుండా ఉంటుంది.

కన్నవాళ్ళు పెట్టిన పేర్లు ఇద్దరికీ ఉన్నాయి గానీ, ఆ పేర్లతో పిలిచేవాళ్ళే లేరు. ఒళ్ళు చూసి లాండ్రీవాళ్ళు పెట్టినవే నిలిచాయి. పెద్దావిడ గుమ్మడి, చిన్నావిడ చీపురుపుల్ల, ముద్దుగా పుల్ల. ఇద్దరూ అన్నదమ్ముల భార్యలు. ఆ అన్నదమ్ములు పోయి చాలా కాలమైంది. తోటికోడళ్ళ పోట్లాట మాత్రం చెక్కుచెదరలేదు.

దుప్పటి మడతపెట్టేటప్పుడు ముఖం చూడక్కర్లేదు, లాగుడులోనే అవతలి మనిషి తెలిసిపోతుంది. ఒకప్పుడు గుమ్మడి లాగితే పుల్ల ముందుకు తూలేది. "మెల్లగా అక్కా, నన్ను కూడా మడిచి బీరువాలో పెడతావా ఏంటి" అనేది. ఇప్పుడు పుల్లే చేతులు వదులు చేసి పట్టుకుంటోంది. కాస్త బిగించినా అక్క దుప్పటితో పాటు వచ్చేసేలా ఉంది.

గుమ్మడికి అదేమీ పట్టలేదు. ఒళ్ళు దూదిలా హాయిగా ఉంది. బుద్ధెరిగినప్పటి నుంచీ ఆమెది నేలకు అతుక్కున్న బతుకు. చిన్నప్పుడు తూగుడు బల్ల మీద తను ఒక కొసన కూర్చుంటే, అవతలి కొసన ఎక్కిన పిల్ల ఆకాశంలోనే ఉండిపోయి దింపమని ఏడ్చేది. ఆ పైనుంచి ఊరెలా కనబడుతుందో గుమ్మడికి ఎన్నడూ తెలియలేదు. బస్సులో పక్కన చోటున్నా ఎవరూ కూర్చునేవారు కాదు. ఫోటో తీస్తే వెనక వరసే. ఒళ్ళు లావైతే మనసు కూడా మందమనుకుంటారు జనం. మొగుడొక్కడే ఆ ఒంటిని ఆస్తిలా చూసుకున్నాడు. "నువ్వు కూర్చుంటే మంచం కూడా కబుర్లు చెబుతుందే" అని ఇంటిల్లిపాదినీ నవ్వించేవాడు. చలికాలంలో ఆమె వీపుకు ఆనుకుని, ఎండ గోడకు చేరిన పిల్లిలా నిద్రపోయేవాడు.

టీ వేళ ఇస్త్రీ బల్ల దగ్గరి పడుచులు చుట్టూ చేరారు.

"అత్తా, సగమైపోయావు. ఏం తింటున్నావో మాకూ చెప్పు."

"ఏమీ తినట్లేదే. అదే మందు."

అందరూ నవ్వారు. గుమ్మడి సిగ్గుపడి, అప్రాను నాడాలు సర్దుకుంది. ఒకప్పుడు నడుము చుట్టూ అందని నాడాలు ఇప్పుడు తిరిగొచ్చి పొట్ట మీద ముడిపడుతున్నాయి. జన్మలో మొదటిసారి బయటివాళ్ళ నోట తన ఒంటి గురించి మంచి మాట వింటోంది మరి. ఆ మాటే చప్పరిస్తూ కూర్చుంది, టీ చల్లారిపోయింది.

పుల్ల ఆ గ్లాసు వైపు చూసింది. అక్క వేళాకోళమాడలేదని అక్కడ ఆమెకొక్కదానికే తెలుసు. డబ్బాలో తెచ్చుకున్న అన్నం అలాగే ఇంటికి తిరిగి వెళ్తోంది. అడిగితే "తిన్నానుగా" అంటుంది. అబద్ధమూ కాదు. తిన్నానన్న నమ్మకంతోనే కడుపు నింపుకుంటోంది.

పోయిన వారం గుమ్మడి, ఇస్త్రీ చేసే వేడి రోలరుకు దుప్పటి అందిస్తూ, దుప్పటి లోపలికి వెళ్ళాక కూడా చెయ్యి వెనక్కి తియ్యడం మర్చిపోయింది. పుల్ల లాగబట్టి మణికట్టు మీద ఎర్ర చారతో పోయింది. ఆ సంగతి పుల్ల లాండ్రీ మేస్త్రి దగ్గర దాచింది గానీ అక్క కూతురి దగ్గర దాచలేకపోయింది. కూతురొచ్చి తల్లిని డాక్టరమ్మకు చూపించింది. పుల్లా వెంట వెళ్ళింది.

"నడివయసులో ఒళ్ళు మరీ ఎక్కువైతే ముందుముందు మెదడుకు మంచిది కాదు" అంది డాక్టరమ్మ. "అలాగని పెద్దతనంలో ఊరికే ఇలా తగ్గిపోతున్నా ఊరుకోకూడదు. కారణాలు చాలా ఉంటాయి. ఈమె విషయంలో నా అనుమానం తల మీదే. కొందరికి మతిమరుపు బయటపడక ముందే ఒళ్ళు కరగడం మొదలవుతుంది."

"లావైనా తప్పే, చిక్కినా తప్పే. మరి మనిషి ఎలా ఉండి చావాలమ్మా?" అంది పుల్ల.

డాక్టరమ్మ నవ్వలేదు. యంత్రాల దగ్గర పని మాన్పించమంది. దగ్గర కూర్చుని తినిపించమంది.

ఈ సాయంత్రం కూతురు వచ్చి తల్లిని తన ఊరికి తీసుకెళ్ళిపోతుంది. ఆ మాట అక్కకు చెప్పడం పుల్ల నెత్తిన పడింది. పొద్దుటి నుంచీ నోట్లోనే నానబెడుతోంది.

మధ్యాహ్నం డబ్బా విప్పి తనే అన్నం కలిపింది.

"నోరు తెరువు."

"నేనేం చంటిపిల్లనా?"

"చంటిపిల్లవైతే ఇంత గొడవుండేది కాదు. రెండు తగిలించేదాన్ని."

గుమ్మడి నవ్వుతూ నోరు తెరిచింది. కొన్ని ముద్దలయ్యాక అడిగింది, "మీ బావగారు తిన్నారా?"

పుల్ల చెయ్యి గాల్లో ఆగింది. "తిన్నారక్కా. పడుకున్నారు కూడా."

"మంచం చప్పుడు వినబడట్లేదే."

"నువ్వు లేకుండా అదెందుకు మాట్లాడుతుంది?"

గుమ్మడికి ఆ జవాబు సరిపోయింది. ఇంకో ముద్ద తింది.

పొద్దు వాలే వేళకు పైనున్న చిన్న కిటికీలోంచి ఎండ ఆవిరిలోకి దిగి పాలలా పరుచుకుంది. దుప్పట్లు లేస్తున్నాయి, వాలుతున్నాయి. ఏ దుప్పటి మీద ఎవరు పడుకుని లేచారో, ఎవరు లేవలేదో, ఉతికాక అన్నీ ఒకటే. గుమ్మడికి పడుచుల పేర్లు జారిపోతున్నాయి గానీ చేతుల పని జారిపోలేదు. అంచెక్కడుందో, ఎప్పుడు తిప్పాలో వేళ్ళే చూసుకుంటున్నాయి. కాళ్ళ కింద నేల ఉన్నట్టు లేదు. తూగుడు బల్ల అవతలి కొస ఎవరో తొక్కిపట్టారు, తను పైకి లేచింది. పైనుంచి ఊరు కనబడుతోంది. పెంకుల కప్పులు, ఆరేసిన బట్టలు, ఎండ గోడ పక్కన కునుకు తీస్తున్న మొగుడు. కింద కొసన ఎవరు కూర్చున్నారా అని చూస్తే, పుల్ల.

"అప్పుడే దింపకే" అంది గుమ్మడి.

"ఏంటక్కా?"

"ఏం లేదు. నువ్వేదో దాస్తున్నావు."

"నేనేం దాస్తాను?"

"పొద్దుటి నుంచీ దుప్పటి వణుకుతోంది. నీ కొస నుంచే."

పుల్ల మడత ఆపింది. "సాయంత్రం అమ్మాయి వస్తోందక్కా. నిన్ను తనతో తీసుకెళ్తుంది. ఇక పనికి రానక్కర్లేదు."

"నేను మర్చిపోతున్నాననా?"

"అన్నం తినడం ఒక్కటే మర్చిపోతున్నావు."

దుప్పటి మళ్ళీ వణికింది. గుమ్మడి తన కొస బిగించి పట్టుకుంది. ఎన్నాళ్ళకో పుల్ల ఒక అడుగు ముందుకు తూలింది.

"నీకు అబద్ధమాడటం ఈ జన్మకు రాదు" అంది గుమ్మడి. అంచు సరిచూసుకుంటూ, "అక్కడ దుప్పట్లుంటాయా?"

"ఇల్లన్నాక దుప్పట్లు లేకుండా ఎలా ఉంటాయి?"

"అవతలి కొస ఎవరు పడతారు?"

"అమ్మాయి పడుతుంది."

"దానికి అంచు చూసుకోవడం రాదే."

"నేర్పు. వచ్చేదాకా తిట్టు, నన్ను తిట్టినట్టు."

ఇద్దరూ దగ్గరకు నడిచి మూలలు కలిపారు. కలిపిన చేతులు వదలడానికి ఈసారి కాస్త ఆలస్యమైంది.

చెప్పినట్టే కూతురు వచ్చింది. మేస్త్రి తలుపు తెరిచి పట్టుకున్నాడు. పడుచులు గుమ్మం దాకా వచ్చారు. "మమ్మల్ని మర్చిపోకు అత్తా" అంది ఒకమ్మాయి, అని నాలిక కరుచుకుంది.

"నువ్వెవరే?" అంది గుమ్మడి. అని నవ్వింది.

అది వేళాకోళమో నిజమో పుల్లకు కూడా అంతుపట్టలేదు.

"వెళ్ళొస్తాం పిన్నీ" అంది కూతురు. తల్లి అప్పటికే మెట్లెక్కుతోంది. ఒకప్పుడు మలుపు మలుపుకూ నిలబడి ఆయాసం తీర్చుకునే మనిషి ఎక్కడా ఆగలేదు. కూతురే గబగబా అందుకోవలసి వచ్చింది. పై గుమ్మంలోని వెలుతురులో గుమ్మడి ఆవిరి కలిసినట్టు కలిసిపోయింది.

పుల్ల ఇంటికి బయల్దేరుతూ గుమ్మం దగ్గర ఆగింది. తడి నేల మీద తిరగడానికి లాండ్రీవాళ్ళిచ్చిన రబ్బరు జోళ్ళతోనే అక్క వెళ్ళిపోయింది. గోడవార ఆమె సొంత చెప్పులున్నాయి. వెడల్పాటి తోలు చెప్పులు, ఏళ్ళ తరబడి మోసిన బరువుకు మడమల దగ్గర నున్నగా, లోతుగా గుంటలు పడి, ఒకదాన్నొకటి ఆనుకుని, నేలను గట్టిగా అదిమిపట్టుకునే ఉన్నాయి.