ఉత్తుత్తి విజేత

అతనికి ఆ హాల్లో ప్రతి ఏడాదీ బహుమతి వచ్చేది. ఒకసారి ఉత్తమ గాయకుడు, ఒకసారి ఉత్తమ గాయని, ఇంకోసారి ఏకంగా జీవిత సాఫల్య పురస్కారం. అన్నీ మధ్యాహ్నం పూటే. సాయంత్రం అయ్యేసరికి అసలువాళ్ళు వచ్చి అసలు బహుమతులు పట్టుకుపోయేవారు.

ఏడాదికొకసారి జరిగే ఆ సంగీత పురస్కారాల సభకి ముందు, అదే హాల్లో ఎండపూట ఉత్తుత్తి సభ ఒకటి జరుగుతుంది. పెద్ద గాయకులు మధ్యాహ్నం నిద్ర లేవరు, లేచినా రిహార్సల్‌కి రారు. కాని ఎవరు ఏ కుర్చీలోంచి లేస్తారో, ఏ మెట్లెక్కి ఎక్కడ నిలబడతారో కెమెరావాళ్ళకి తెలియాలి కదా! అందుకని ప్రతి కుర్చీకీ అక్కడ కూర్చోబోయే పెద్దమనిషి ఫొటో అంటించిన అట్ట తగిలించి, ఆ కుర్చీలో ఒక అద్దె మనిషిని కూర్చోబెడతారు. ఏదో ఒక పేరు చదువుతారు. ఆ అట్ట తాలూకు అద్దె మనిషి ఉలిక్కిపడాలి, పక్కవాళ్ళని కౌగలించుకోవాలి, మెట్లెక్కి అసలు బహుమతికి బదులు ఒక చెక్కబొమ్మ అందుకోవాలి, ఎదురుగా ఎర్రదీపం వెలిగేదాకా నోటికొచ్చింది మాట్లాడి దిగిపోవాలి.

ఈ పనిలో అతన్ని మించినవాడు లేడు. కళ్ళు తుడుచుకోమంటే నిజంగానే తడి తెప్పించేవాడు. అందరూ 'విజేతగారూ' అనే పిలిచేవారు. మొదట్లో అది వెటకారం, పోనుపోను అలవాటు. అసలు పేరు అతనికే గుర్తు చేయాల్సొచ్చేది.

ఒకప్పుడు అతనూ పాడినవాడే. సొంతంగా ఆర్కెస్ట్రా పెట్టుకుని ఫంక్షన్లలో పాడి పాడి గొంతు అరగదీసుకున్నాడు. గొంతు పోయింది, జీర మిగిలింది. ఆర్కెస్ట్రా చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యింది. వాళ్ళలో డ్రమ్స్ వాయించేవాడొక్కడు ఈ హాలు బ్యాండులో కుదురుకుని, పాత స్నేహం కొద్దీ అతన్ని ఈ అద్దె కుర్చీలోకి లాగాడు. ఇద్దరూ చుట్టాలు కారు గాని, ఒక వ్యానులో అన్నాళ్ళు తిరిగినందుకు 'బావా' అని పిలుచుకుంటారు.

ఆ ఏడాది అట్టలు పంచుతుంటే అతనికి ఒక పెద్ద సంగీత దర్శకుడి అట్ట వచ్చింది. పక్కనున్న అద్దె అమ్మాయి చేతిలో ఇంకో అట్ట ఉంది. దానిమీద పొట్టిజుట్టు పిల్ల, నవ్వీ నవ్వనట్టు మూతి బిగించుకుని ఉంది. కొత్త గాయనుల బహుమతికి పోటీలో ఉన్న పిల్ల. నాలుగు దిక్కులా దాని పాటే మోగుతోంది ఆ ఏడాది.

"ఇది నాకిచ్చి ఇది నువ్వు తీసుకోమ్మా. మొదటి వరుస, మెత్తటి కుర్చీ."

అమ్మాయి ఎగిరి గంతేసి మార్చుకుంది. అది చూసి మేనేజరమ్మ వచ్చింది. స్టేజీ మీద చీమ కదలాలన్నా ఆవిడ చెప్పాలి. "ఏంటి విజేతగారూ, గడ్డం పెంచుకుని మళ్ళీ ఆడపిల్ల వేషమా?"

"కెమెరాకి నా నడకతోనే కదమ్మా పని, గడ్డంతో ఏం పని?"

"కానివ్వండి. వయ్యారంగా నడవండి మరి." నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

నవ్వనివాడు డ్రమ్స్ బావ ఒక్కడే. స్టేజీ ముందు బ్యాండు కూర్చునే గుంటలోంచి తల పైకెత్తి అట్ట వంక చూశాడు, అతని వంక చూశాడు. "వద్దు బావా. పుండు మానుతుంటే గోకుతావెందుకు?"

అట్ట మీది పిల్ల అతని కూతురు. ఆ సంగతి ఆ హాల్లో బావకి తప్ప ఎవరికీ తెలీదు. ఇంట్లో 'పిట్ట' అని పిలిచేవారు. మాటలకన్నా ముందు కూనిరాగం వచ్చింది దానికి. వెనక్కి తిరిగి చూసేలోపు ఆర్కెస్ట్రాలో మైకు ముందు నిలబెట్టాడు. మైకు అందకపోతే వాయిద్యాల పెట్టె మీద నిలబెట్టాడు. ఒళ్ళు కాలుతున్నా నిలబెట్టాడు. ఒకనాడు నిండు సభలో అది శ్రుతి తప్పితే, పాట మధ్యలో, అందరి ముందూ చెంప ఛెళ్ళుమనిపించాడు. ఒక్క దెబ్బ! లోకంలో దెబ్బ తినని పిల్లలున్నారా? అతని లెక్క ఇప్పటికీ అదే. కాని ఆ వారంలోనే పెళ్ళాం పిల్ల చెయ్యి పట్టుకుని గడప దాటింది. అతను వెతకలేదు. వాళ్ళే వస్తారులే అనుకున్నాడు. వస్తారులే వస్తారులే అనుకుంటుండగానే పిల్ల రేడియోలోకి వచ్చింది.

ఆ పిల్ల పేరు పక్కన అతని పేరు ఎక్కడా లేదు. 'పాట ఎవరు నేర్పారు?' అని అడిగినవాళ్ళందరికీ 'మా అమ్మ' అనే చెప్పింది. వాళ్ళమ్మకి తాళం తప్పకుండా చప్పట్లు కొట్టడం కూడా రాదు! అదే అతని కడుపుమంట. డబ్బు అక్కర్లేదు, ఇంటికి రమ్మని పిలవక్కర్లేదు. ఒక్కసారి, నలుగురిలో, 'మా నాన్న నేర్పాడు' అంటే చాలు. ఆ ఒక్కమాట కోసం ప్రాణం గిలగిల్లాడిపోతోంది.

కొత్త గాయని పేరు చదివారు. ఉత్తుత్తి చదువుడే. కాని అతను నిజంగానే ఉలిక్కిపడ్డాడు.

అతను లేచాడు. వయ్యారంగా నడిచి కెమెరావాళ్ళని నవ్వించాడు. చెక్కబొమ్మ అందుకుని మైకు ముందుకి వచ్చాడు. అద్దె విజేతలు అక్కడ హాస్యాలాడటం ఆనవాయితీ. తన కుక్కకి కృతజ్ఞతలు చెప్పేవాడొకడు, అప్పులవాడికి దణ్ణం పెట్టేవాడొకడు.

"నేనింత అందంగా ఉంటానని మీరెవరూ అనుకోలేదు కదూ!" అన్నాడు జీరగొంతుతో. హాలంతా గొల్లుమంది. "మా అమ్మకి కృతజ్ఞతలు. అన్నం పెట్టింది, జడలేసింది."

అక్కడ ఆగితే బాగుండేది. ఎర్రదీపం ఇంకా వెలగలేదు. నోటి ముందు మైకు, ఎదురుగా కుర్చీల సముద్రం. ఎన్నేళ్ళుగానో గొంతులో అడ్డం పడ్డది కాస్తా కదిలింది.

"ఇంకొకాయన ఉన్నాడు. ఆయన మాట నేనెప్పుడూ ఎత్తలేదు. నాకు మొట్టమొదట సరిగమలు పలికించింది ఆయనే. నా గొంతులో ఉన్నదంతా ఆయన గొంతులోంచి తోడుకున్నదే. తోడుకుని తోడుకుని ఆయన్ని ఎండబెట్టేశాను. నాన్నా, ఎక్కడున్నావో... ఈ బహుమతి నీది. నన్ను క్షమించు నాన్నా."

ఎవరూ నవ్వలేదు. దీపాలు సర్దేవాడు కూడా నిచ్చెన మీద ఆగిపోయాడు. బ్యాండు గుంటలో బావ ఒక్కడే రెండు చేతులతో తల పట్టుకున్నాడు. అతను కళ్ళు తుడుచుకుని పక్కకి తిరిగేసరికి, తెర పక్కన, సాయంత్రం పాడబోయే పాటకి మైకు సరిచూసుకోవడానికి ముందే వచ్చిన పొట్టిజుట్టు పిల్ల నిలబడి ఉంది. అట్ట మీద బిగించుకున్నట్టే మూతి బిగించుకుని ఉంది.

స్టేజీ వెనక, వైర్ల చుట్టలు పడేసిన ఇరుకు దారిలో దాన్ని కలుసుకున్నాడు. పరిగెత్తడంతో ఆయాసం వచ్చింది.

"సరదాకి అన్నానమ్మా. రిహార్సల్‌లో అందరూ ఏదో ఒకటి వాగుతారు."

"మీరు వాగలేదు. ఏడ్చారు."

'మీరు' అంది. చిన్నప్పుడు 'నువ్వు' అనేది, 'ఒరేయ్ నాన్నా' అని కూడా అనేది. ఆ మర్యాద చెప్పుదెబ్బలా తగిలింది.

"ఏడిస్తే తప్పా? కన్నతండ్రిని."

"నా పేరుతో నిలబడి, నా నోట్లోంచి మీకు మీరే దణ్ణం పెట్టించుకున్నారు. పైగా క్షమాపణ కూడా నాచేతే చెప్పించుకున్నారు." గొంతు పెంచలేదు పిల్ల. పెంచినా బాగుండేది. "చిన్నప్పుడూ అంతే. నాకు నిద్ర రావట్లేదని మీరే చెప్పేవారు. నాకు జ్వరం లేదని మీరే చెప్పేవారు."

"నేర్పింది నేను కాదా? అది చెప్పు ముందు!"

"నేర్పారు." ఆ మాట తడుముకోకుండా అంది. "ఇంటి దగ్గర రాసుకున్నాను, బహుమతి వస్తే ఏం చెప్పాలో. అందులో మీ మాట కూడా ఒకటుంది. అమ్మ వద్దంది. అయినా పెట్టుకున్నాను. ఇప్పుడెలా చెప్పను? మీరు చెప్పేశారుగా. ఇంక నేను చెప్తే మీరు నేర్పిన పాఠం అప్పజెప్పినట్టుంటుంది."

కూర్చున్న కొమ్మని నరుక్కున్నవాడికి కిందపడ్డాక గాని తెలియదు, గొడ్డలి ఎవరి చేతిలో ఉందో.

"పిట్టా..."

"సాయంత్రం నాకు కనపడకండి. అదొక్కటే అడుగుతున్నా. స్టేజీ మీంచి మీ మొహం కనిపిస్తే నా చెయ్యి దానంతటదే చెంప మీదికి పోతుంది. ఇప్పటికీ పోతుంది." అని, వైర్ల చుట్టలు దాటుకుంటూ వెళ్ళిపోయింది.

ఇంటికి పోవాల్సినవాడు పోలేదు. 'పో బావా, నీకు పుణ్యముంటుంది' అని బావ పోరుపెట్టినా పోలేదు. చెప్పకపోతుందా అని ఒక మూల ఆశ. సిగ్గులేని ఆశ, తలుపేసినా సందులోంచి దూరుతుంది. సాయంత్రం అద్దె మనుషులకి ఇంకో పని కూడా ఉంది. పెద్దవాళ్ళు ఎవరైనా కుర్చీ వదిలి లేస్తే, టీవీలో ఖాళీ కుర్చీ కనపడకుండా చప్పున వెళ్ళి అందులో కూర్చోవాలి. వాళ్ళు తిరిగొస్తే లేవాలి. అద్దె నల్లకోటు వేసుకుని, తల దువ్వుకుని, పక్కదారిలో చీకట్లో గోడకి అంటుకుని నిలబడ్డాడు. ఇక్కడైతే కనపడనులే అనుకున్నాడు.

హాలు వెలిగిపోతోంది. మధ్యాహ్నం అట్టలున్న కుర్చీల్లో ఇప్పుడు మనుషులున్నారు. రెండో వరుసలో పిట్ట, పక్కన వాళ్ళమ్మ. పెళ్ళాం జుట్టు నెరిసింది. ఒళ్ళో చేతిసంచీని ఎవరో లాక్కుపోతారన్నట్టు పట్టుకుని కూర్చుంది. ఆ అలవాటు పోలేదన్నమాట.

కొత్త గాయని పేరు చదివారు. ఈసారి ఉత్తుత్తి కాదు. పిట్టదే.

హాలు హోరెత్తింది. పిల్ల లేచింది, తల్లిని వాటేసుకుంది, మెట్ల వైపు నడిచింది. గట్టిగా అరవాలనిపించింది, 'నా కూతురు!' అని. అరిచే గొంతేదీ? అంతలో మేనేజరమ్మ వంగుని వంగుని వచ్చి అతని వీపు మీద చరిచింది.

"ఖాళీ! రెండో వరుస! పదండి, పదండి, కెమెరా తిరుగుతోంది!"

మనసు 'వద్దు' అనేలోపే కాళ్ళు కదిలిపోయాయి. అన్నేళ్ళ అలవాటు! గంట కొడితే బండెద్దు కదిలినట్టు, ఖాళీ అంటే కాళ్ళు పోతాయి. కూర్చున్నాక గాని తెలియలేదు ఎక్కడ కూర్చున్నాడో. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది.

పెళ్ళాం తల తిప్పి చూసింది.

"నువ్వా! ఇక్కడ నీకేం పని?"

"ఇదే నా పని."

"లే! అది చూస్తుంది. లే ముందు!"

లేస్తే ఇంకా బాగా కనపడతాడు. కెమెరా ఒకటి ఆ వరుస మీదికే తిరుగుతోంది. స్టేజీ మీద పిల్ల మైకు ముందు నిలబడింది. దీపాల వెలుగుకి కళ్ళు చిట్లించి తల్లి కోసం వెతుకుతోంది. మొదటి వరుస అయిపోయింది. చూపు రెండో వరుస మొదట్లోకి వచ్చింది. ఒక్కో మొహం దాటుకుంటూ వస్తోంది.

అక్కడే ఉండొచ్చు. ఆ ఆలోచన రాకపోలేదు. చూడనీ. అందరి ముందూ నన్ను చూసి మాట తడబడనీ. అప్పుడైనా ఆయనెవరని లోకం అడుగుతుంది!

పిల్ల కుడిచెయ్యి పైకి లేవడం చూశాడు. వెలుగుకి అడ్డం పెట్టుకోడానికో, మరెందుకో.

అతను కుర్చీలోంచి కిందికి జారాడు. మోకాళ్ళ మీద, ఆపైన మోచేతుల మీద, చివరికి తివాచీ మీద బోర్లా పడ్డాడు. కోటు చంకలో పిగిలింది. ఎవరి బూటో అతని వేళ్ళని తొక్కి, ఉలిక్కిపడి వెనక్కి పోయింది. పైన కుర్చీ ఖాళీగా ఉండిపోయింది, దేశమంతా చూసేలా.

"విజేతగారూ! ఏంటిది? పైకి లేవండి!" పక్కదారిలోంచి మేనేజరమ్మ బుస కొడుతోంది. "రేపట్నుంచి మీరు రానక్కర్లేదు, తెలుస్తోందా? లేవండి!"

లేవలేదు. చెవి నేలకి ఆనించుకున్నాడు. పిల్ల గొంతు పైనుంచీ కిందనుంచీ కూడా వచ్చింది.

"అమ్మా," అంది. ఆగింది. "అమ్మా, నువ్వు కనపడుతున్నావు. హమ్మయ్య!" హాలంతా నవ్వింది. తర్వాత పాట రాసినాయనకి కృతజ్ఞతలు చెప్పింది, బ్యాండుకి చెప్పింది, పాట విన్నవాళ్ళకి చెప్పింది. గొంతు ఎక్కడా వణకలేదు. ఇంకొక పేరుంటుందేమోనని తివాచీని గోళ్ళతో పట్టుకుని విన్నాడు. లేదు. బ్యాండు అందుకుంది. జనం లేచి చప్పట్లు కొడుతుంటే చుట్టూ బూట్లు కదిలాయి.

కాసేపటికి పెళ్ళాం వంగింది. సంచీ ఇంకా ఒళ్ళోనే ఉంది.

"లోపలికి వెళ్ళిపోయింది. లే."

"నా మాటేమన్నా అందా?"

"విన్నావుగా."

విన్నాడు. ఒక్క అక్షరం పొల్లుపోకుండా విన్నాడు. తివాచీ దుమ్ము నోట్లోకి పోయి దగ్గొచ్చింది. దగ్గి, మళ్ళీ అడిగాడు.

"మొహం ఎలా ఉంది? నేను చూళ్ళేదు."

ఆవిడ ఒకసారి స్టేజీ వైపు చూసింది. చెప్పాలా వద్దా అని ఆలోచించినట్టుంది.

"బాగుంది. చెయ్యి చెంప మీదికి పోలేదు."

మేనేజరమ్మ వచ్చి కోటు కాలరు పట్టుకుంది. అతను పట్టుకోనిచ్చాడు.