బాలప్ప ఎత్తిన చెయ్యి

తాండూరు అవతల నాపరాళ్ల గనిలో ఒక కాయిదా ఉండేది. పై బండను పేల్చడానికి రంధ్రాల్లో మందు కూరాక మేస్త్రీ ఒక సీటీ ఊదుతాడు. విన్న ప్రతివాడూ పని ఆపి కుడిచెయ్యి పైకెత్తాలి. చేతులన్నీ లేచాక పనిముట్లు సర్దుకోవడానికి కాస్త వ్యవధి. అప్పుడు బత్తికి నిప్పు పెట్టి రెండో సీటీ ఊదుతాడు. దానికి అందరూ పరుగెత్తి గట్టు చాటుకు పోవాలి.

బాలప్పకు సీటీ వినబడక రెండేళ్లయింది. అయినా అతని చెయ్యి ఒక్కరోజూ ఆలస్యంగా లేవలేదు. పక్కన ఉలి కొట్టే యోబు చెయ్యి లేస్తే తనదీ లేచేది. యోబు పరుగెత్తితే తానూ పరుగెత్తేవాడు. గని పని నడిచిపోయింది. నడిచినంత కాలం ఎవడికి పట్టింది?

పన్నెండేళ్లు పేలుళ్ల పక్కన బతికిన చెవులవి. సన్నని శబ్దాలు ముందు పోయాయి. సీటీ పోయింది, పిట్టల కూత పోయింది, పెళ్లాం నాగవ్వ పిలుపు పోయింది. లావు శబ్దాలు మిగిలాయి. పొద్దున పెళ్లాం విసుర్రాయి తిప్పితే ఆ గుయ్యిమనే మోతకు లేచి కూచునేవాడు. అదే పెళ్లాం వాకిట్లో నిలబడి పిలిస్తే పలికేవాడు కాదు.

"నా గొంతు కంటె రాయి గొంతే ముద్దొస్తది ఈయనకు" అని నాగవ్వ దెప్పేది.

1961 ఎండాకాలంలో ఆమె నా దగ్గరికి వచ్చింది. గని కూలీల సంఘం పని నేనే చూసేవాణ్ణి.

"అన్నా, వచ్చే నెల యోబును అవతలి అంచుకు మారుస్తరట. గప్పుడు ఈయనకు సీటీ ఎవ్వరు జెప్పాలె? పైన బండలు నున్నగ జేసే షెడ్డుల ఏస్తే సాలు. ఇంకేం అడుగుతలేను."

కంత్రాటుదారు గుమ్మంలో మూడు రోజులు కూచున్నాను. నాలుగో రోజు అతను ఒక మాట అన్నాడు. వికారాబాద్‌కు నెలకోసారి పట్నం నుంచి చెవుల డాక్టరు వస్తాడు. చెవుడని అతను రాసిస్తే షెడ్డు, లేకపోతే గుంత. నేను గెలిచాననుకున్నాను.

రైల్లో బాలప్ప చెవి దగ్గర నోరు పెట్టి దారి పొడుగునా ఒకటే చెప్పాను. "అబద్ధమాడకు. నటిస్తున్నవంటే మొత్తం సంఘం మాట పోతది. ఏది ఇనిపిస్తే దానికి చెయ్యెత్తు. ఇనిపియ్యకుంటె ఎత్తకు."

"చెయ్యెత్తుడు నాకు నేర్పుతవా అన్నా?" నవ్వాడు బాలప్ప. "పన్నెండేండ్ల సంది గదే కొలువు."

డాక్టరు గదిలో బల్ల మీద ఒక ఇనప్పెట్టె ఉంది. దాని వెనకాల గాజు బుడ్లు ఎర్రగా వెలుగుతున్నాయి. పెట్టె నుంచి వచ్చిన తీగకు రెండు చెవుల గొట్టాలు. వాటిని బాలప్పకు తగిలించి, సన్నని కూత వస్తుంది, వింటే చెయ్యెత్తమన్నాడు. నేను దాన్ని "ఇనిపిస్తే చెయ్యెత్తు" అని బాలప్ప చెవిలో వేశాను. కూత అన్న మాట వదిలేశాను. అక్కడే తప్పాను.

డాక్టరు నాబు కొంచెం తిప్పాడు. బాలప్ప చెయ్యి తొడ మీదే ఉంది. సగం తిప్పాడు. కదల్లేదు. నాకు లోపల సంతోషం. డాక్టరు విసుగ్గా నాబును చివరిదాకా తిప్పేశాడు. బాలప్ప చెయ్యి లేచింది. ఇంకో కూత పెట్టాడు, నాబు అక్కడే ఉంచి. చెయ్యి అలాగే ఉంది. డాక్టరు రాసుకుంటున్నాడు.

నేను బాలప్ప చెవి మీది గొట్టం ఎత్తి అడిగాను. "ఏమినిపిస్తున్నది?"

"గుయ్యిమంటున్నదన్నా. మా ఇంట్ల రాయి లెక్క."

అది ఏ మోతో నాకు తెలుసు. పంచాయతీ రేడియో పెట్టేదీ నేనే. స్టేషను లేని చోట నాబు మొత్తం తిప్పితే అదీ గుయ్యిమంటుంది.

"సాబ్, అది మీ కూత కాదు. డబ్బ సొంత సప్పుడు. నాబు పెంచితే కూతతోపాటు గా మోత కూడ పెరుగుతది. కూత బందు వెట్టుండ్రి, నాబు గట్లనే ఉంచుండ్రి. ఈయన చెయ్యి దించడు, చూడుండ్రి."

"యంత్రం నువ్వు చేశావా?"

"రేడియో నడుపుత సాబ్."

"అయితే వెళ్లి రేడియో నడుపుకో. బయట పదహారు మంది కూచున్నారు."

గొట్టాలు లాక్కుని నా చెవులకు పెట్టుకున్నాను. లావుపాటి మోత. దాని అడుగున సూది మొనలాంటి కూత. నాకు రెండూ వినబడ్డాయి. బాలప్పకు ఒకటే వినబడింది. ఆ తేడా రాయడానికి డాక్టరు కాగితంలో గడి లేదు. రెండు చెవులూ వింటున్నాయి, పనికి తగును అని రాసిచ్చాడు.

తిరుగు రైల్లో బాలప్ప అడిగాడు. "తప్పు జేసిన్నా?"

"లేదు. నిజమే జెప్పినవ్."

యోబును సోమవారం మార్చారు. గురువారం మొదటి సీటీకి బాలప్ప దూరాన గట్టు మీద లేచిన చేతులు చూసి తనదీ ఎత్తాడు. మేస్త్రీ చేతులన్నీ చూసుకుని బత్తికి నిప్పు పెట్టాడు. బాలప్ప వెనక్కి తిరిగి, వంగి, సమ్మెటా ఉలీ ఏరుకుంటున్నాడు. రెండో సీటీ అతని వీపుకు తగిలి పోయింది.

అతన్ని గోనెసంచిలో ఎత్తుకొచ్చాం.

విచారణకు వచ్చిన అధికారి ముందు కంత్రాటుదారు వికారాబాద్ కాగితం పెట్టాడు. విన్నాడు, చెయ్యెత్తాడు, పరుగెత్తలేదు; తప్పు అతనిదే అన్నాడు. అధికారి నాగవ్వను పిలిచి, నీ మొగుడికి చెవులు వినబడేవా అని అడిగాడు.

"ఇసుర్రాయి సప్పుడు ఇనిపిస్తుండె సార్. నా మాట ఇనిపియ్యకపోతుండె."

గుమాస్తా మొదటి ముక్క రాసుకున్నాడు. రెండో ముక్క దగ్గర కలం ఆపి సిరా పోసుకున్నాడు. నేను అరిచాను. నన్ను బయటికి పంపారు.

మర్నాడు మేస్త్రీ సీటీ ఊదితే గనిలో నలభై మందిలో ఒక్క చెయ్యీ లేవలేదు. చేతులు లేవకపోతే నిప్పు లేదు, అది వాళ్ల కాయిదానే. రెండు రోజులు గని మూగపోయింది. మూడో రోజు కంత్రాటుదారు కొత్త కాయిదా తెచ్చాడు. ఇక చేతులెత్తే పని లేదు. రెండుసార్లు సీటీ ఊదితే చాలు, వినడం కూలోడి పూచీ. పని మొదలైంది.

ఆ సాయంత్రం రేడియో వార్తలయ్యాక యోబు పంచాయతీ అరుగు మీదే ఉండిపోయాడు. "నాకు మంచిగనే ఇనొస్తదన్నా" అన్నాడు, నేను అడగకుండానే.

రేడియో ముల్లును స్టేషను లేని చోటికి జరిపి నాబు మొత్తం తిప్పాను. "ఇనొస్తున్నదా?"

"గుయ్యిమంటున్నది."

రేడియో ఆపేశాను. సంఘం మీటింగులకు పిలిచే సీటీని జేబులోంచి తీసి, అతని ఎదురుగా నిలబడి ఊదాను. యోబు నా మొహం చూస్తూ చెయ్యెత్తాడు.

అతని వెనక్కి వెళ్లి మళ్లీ ఊదాను. గట్టిగా ఊదాను. వీధి చివర పోయేవాడు తిరిగి చూశాడు.

యోబు చెయ్యి మోకాలి మీదే ఉంది. నేనెప్పుడు ఊదుతానా అని ఎదురుచూస్తున్నాడు.