అమ్మ తల లోపలి మట్టి

మూతపడిన పాలకేంద్రంలో పిల్లలకి మట్టిబొమ్మల క్లాసు పెడతామని నగరంనుంచి ఒక సంస్థవాళ్ళు వచ్చినప్పుడు ఊరు ఊరంతా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? ఊళ్ళో సగంమంది ఇటుకబట్టీల్లో మట్టి తొక్కి బతికేవాళ్ళే. "మట్టి పిసకడానికి టీచరెందుకమ్మా? మా ఇంటాయన బతుకంతా పిసికాడు, ఒక్కడూ ఆయన్ని సారూ అనలేదు" అని బట్టీ మేస్త్రి తల్లి మొహమ్మీదే అనేసింది. టీచర్ కూడా నవ్వేసింది. వారం తిరక్కుండా ఆవిడకి బురద టీచరని పేరు పడిపోయింది. పిల్లలు మాత్రం ఎదురుగా ఉన్నప్పుడు బురద మింగేసి ఉత్త టీచర్ అనేవాళ్ళు.

నవ్విన ఊరే తర్వాత పిల్లల్ని పంపింది. కళమీద ప్రేమ పుట్టుకొచ్చి కాదు. పచ్చి ఇటుకలు ఒక పక్క ఆరాక రెండో పక్కకి తిప్పాలి. ఆ పనికి చిన్న చేతులైతే అంచులు చెదరవంటారు, అలా అనేవాళ్ళెవరూ తమ పిల్లల చేతులు పంపరు. పాలకేంద్రం గోడమీద సంస్థ బోర్డు పడ్డాక బట్టీ యజమానికి బెరుకు పట్టుకుంది. బోర్డున్న చోటికి కెమెరాలొస్తాయని ఎవరో చెప్పారట. అప్పట్నుంచి మధ్యాహ్నం బడి వదిలాక పిల్లల్ని ఇటుకలు తిప్పడానికి పిలవడం మానేశాడు. క్లాసు నడిచినన్నాళ్ళూ ఆ చేతులు పాలకేంద్రం తెల్ల టైల్స్ గోడల మధ్య కూర్చుని పిట్టల్నీ, బస్సుల్నీ, కోపమొచ్చిన కుక్కల్నీ చేసేవి. క్లాసు ఆగిన రోజున అవి మళ్ళీ ఎక్కడికి పోతాయో టీచరుకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అందుకే సంస్థ ఆఫీసావిడ ఫోన్ చేసి, ఈ ఊళ్ళో ప్రభావం కనబడటం లేదు, వచ్చే సీజనుకి మూసేద్దామనుకుంటున్నాం అన్నప్పుడు టీచర్ బెదిరిపోయింది. ప్రభావమట. ఏడాదిపాటు ఎండలో ఇటుకలు తిప్పని పిల్లలు ఆవిడ లెక్కలో ప్రభావం కిందికి రారు కాబోలు. టీచరుకి మూసివేతలు కొత్త కాదు. ఇంతకుముందు రెండు ఊళ్ళలో ఇలాగే మూశారు. మళ్ళీ వస్తానని చెప్పి ఆవిడ బస్సెక్కింది, వెళ్ళలేదు. ఆ రెండో ఊళ్ళో పిల్లలు ఆవిడ వస్తుందని మట్టిముద్దల్ని తడిగుడ్డల్లో చుట్టి ఎండాకాలమంతా నీళ్ళు చిలకరిస్తూ కూర్చున్నారని తర్వాతెప్పుడో తెలిసింది. మూడోసారి అలా బస్సెక్కితే ఇక తన మొహం తానే చూసుకోలేననుకుంది.

ఏం చెయ్యాలో తోచక బల్లమీదున్న మట్టి తల ఫొటో తీసి ఆఫీసుకి పంపింది.

ఆ తల మేస్త్రి కూతురు చేసింది. పన్నెండేళ్ళ పిల్ల, మాట తక్కువ, మొండితనం ఎక్కువ. అంతకుముందు ఏడు చచ్చిపోయిన వాళ్ళమ్మ తల. అందంగా చెయ్యాలని చేసింది కాదు. ఒక కన్ను కాస్త చిన్నది, పెదవులు ఏదో చెప్పబోయి ఊరుకున్నట్టున్నాయి. జుట్టు మాత్రం బారుగా, ఒత్తుగా, ఒక్కో పాయ విడిగా చేసి అతికింది. ఆ జుట్టు కోసమే నెల రోజులు కూర్చుంది. చూసినవాళ్ళు తల పక్కన గొంతు తగ్గించి మాట్లాడేవాళ్ళు. టీచరెందుకని మొహమ్మీదే అన్న ఆ పిల్ల నాయనమ్మ కూడా ఒకరోజు వచ్చి, కోడలి మొహం చూసి, కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది.

మర్నాడే ఆఫీసునుంచి జవాబొచ్చింది. నిధులిచ్చే పెద్దాయన ఫొటో చూసి కదిలిపోయాడట. స్వయంగా వచ్చి చూస్తాడు, ఆ తలని నగరంలో ప్రదర్శనకి పట్టుకెళ్తాడు, అది నిజంగా అంత బావుంటే క్లాసు నడుస్తుంది. అయితే పచ్చిమట్టి బండిలో పెట్టుకుని పోలేరు. కాల్చి ఉండాలి.

చిక్కంతా అక్కడే ఉంది. అంత లావు ముద్దని కాల్చాలంటే ముందు గుల్ల చెయ్యాలి. తల పైభాగాన్ని తీగతో మూతలా కోసి, లోపలి మట్టి గీకి తీసేసి, చుట్టూ గోడ వేలి మందాన ఉంచి, మళ్ళీ మూత అతికెయ్యాలి. లేకపోతే లోపలి తడి ఆవిరై, బయటికి దారిలేక, బట్టీలో తల పగులుతుంది. అదొక్కటే పగిలి ఊరుకోదు. చుట్టూ పెట్టిన పిల్లల పిట్టలూ బస్సులూ కుక్కలూ అన్నీ పెంకులే. క్లాసులో అందరూ అలాగే గుల్ల చేసుకున్నారు. మేస్త్రి కూతురు మాత్రం ససేమిరా అంది.

"నాన్న ఇటుకలు గుల్ల చెయ్యడుగా టీచర్. అవి పేలుతున్నాయా?"

ఇటుక వేరు, అందులో ఇసుకుంటుంది, పొట్టుంటుంది, వారాలపాటు ఎండుతుంది అని టీచర్ ఓపిగ్గా చెప్పుకొచ్చింది. ఇది మెత్తటి బంకమట్టి, ఇంత లావుంది, పైన ఆరినా లోపల తడి పోదు అంది. పిల్ల అంతా విని, ఆ మట్టి తల జుట్టుమీద అరచెయ్యి పెట్టి నిలబడింది.

"మా అమ్మ తల ఒకసారి కోశారు టీచర్. ఇంక కొయ్యనివ్వను."

అప్పటిదాకా టీచరుకి ఆ సంగతి తెలియదు. తలలో గడ్డ ఉందని వాళ్ళమ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళారని, జుట్టంతా గీసేశారని, కోసి కుట్టారని, ఆవిడ మళ్ళీ కళ్ళు తెరవలేదని అప్పుడు తెలిసింది. నెల రోజులు కూర్చుని అతికిన జుట్టు ఎందుకో కూడా అప్పుడే అర్థమైంది. ఇంకేం మాట్లాడుతుంది? కొయ్యను తల్లీ, మాటిస్తున్నాను అంది. నీడలో పెట్టి, గుడ్డ కప్పి, నెలల తరబడి నెమ్మదిగా ఆరబెడదాం, అప్పుడు సన్న సెగమీద కాల్చి చూద్దాం అంది. అలా చేస్తే నిలిచినా నిలవొచ్చు. నిజంగానే అనుకుంది, అప్పటికి.

నెలలెక్కడివి? పెద్దాయనకి తర్వాత తీరిక లేదు, వచ్చే వారమే వస్తున్నాడని ఆఫీసావిడ ఫోన్ చేసింది. టీచర్ బతిమాలింది. ఆఫీసావిడేమో, తల మాత్రం తప్పకుండా ఉండాలండీ అని ఫోన్ పెట్టేసింది.

టీచర్ పడని పాట్లు లేవు. ఇంకో తల తానే చేద్దామని కూర్చుంది. చేసింది కూడా, అది దుకాణంలో చీర కట్టుకుని నిలబడ్డ బొమ్మలా పళ్ళికిలించింది. విసుగేసి ముద్ద చేసేసింది. పిల్లని ఇంకోసారి అడిగింది, పిల్ల ఆ తలని బల్ల కింద పెట్టుకుని దానికి అడ్డంగా కూర్చుంది. చివరికి బట్టీ దగ్గరికి వెళ్ళి మేస్త్రిని పట్టుకుంది, మీరైనా నచ్చజెప్పండని. మేస్త్రి చేతిలో ఇటుక అచ్చు కింద పెట్టి, అచ్చు అంచుకంటిన మట్టి గోటితో గీకుతూ అన్నాడు.

"కోస్తే బతుకుతుందన్నారు, సరేనన్నాను. ఆ రోజునుంచీ పిల్ల నాతో అవును, కాదు తప్ప మాట్లాడదు. మళ్ళీ నా నోటితోనే కొయ్యమని చెప్పించకండి టీచర్. మీకు దణ్ణం పెడతాను."

ఆవిడ తిరిగొస్తుంటే ఎండలో పచ్చి ఇటుకల వరసలు కనబడ్డాయి, ఎంత దూరం చూస్తే అంత దూరం. వాటి మధ్య వంగి తిప్పుకుంటూ పోతున్నవాళ్ళు పెద్దవాళ్ళే, ఇవాళ్టికి. టీచరుకి ఏడుపొచ్చింది. రోడ్డుమీద ఎవరూ లేరు గనక ఏడిచింది కూడా.

మర్నాడు పిల్లలకి బళ్ళో పరీక్ష. పాలకేంద్రంలో టీచర్ ఒక్కతే ఉంది. తలుపు గడియ వేసి తలని బల్లమీద పెట్టింది. ఆ చిన్న కన్ను తనవైపే చూస్తోందనిపించి మొహంమీద గుడ్డ వేసింది. జుట్టుపాయల కింద, ఎవరికీ ఆనవాలు దొరకని చోట తీగ ఆనించి లాగింది. తడిమట్టి తీగకి ఎదురు చెప్పలేదు, మెత్తగా తెగింది. అంత సులువుగా తెగడమే ఆవిడకి భరించరానిదైంది. చెంచాతో లోపలిది గీకి గీకి తీసింది, మూలనున్న తొట్టిలో అందరి మట్టితోపాటు పడేసింది. పల్చటి మట్టి పూసి మూత అతికింది, అతుకుమీద పాయలు సర్దింది, మెడ వెనక సూదిమొనంత కన్నం పెట్టింది. చేతులు మాత్రం ఎక్కడా వణకలేదు. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని కదా, చేతులకేం తెలుసు?

రెండు రోజులు సన్నటి సెగ దగ్గర పెట్టి ఆరబెట్టింది. పిల్ల వచ్చినప్పుడల్లా ఇప్పుడు కదిపితే బీటలిస్తుంది, ముట్టుకోకు అంది. వచ్చిపడ్డ తొందరకి ఇంకో దారి లేదని, కొయ్యకుండా అలాగే కాలుస్తున్నానని చెప్పింది. పగిలితే అని పిల్ల అడిగింది. ఎలాగైనా కాపాడతానంది టీచర్. అది అబద్ధం కాదు, అందుకే మరీ సిగ్గేసింది.

పాలకేంద్రం వెనక ముక్కలిటుకలతో పిల్లల తండ్రులు కట్టిచ్చిన చిన్న బట్టీ ఉంది. నిప్పు పెట్టిన రోజు పిల్ల పొద్దుటినుంచీ దాని ముందునుంచి లేవలేదు. మోకాళ్ళు కావలించుకుని, చెవి అటే పెట్టి, పగిలిన చప్పుడు కోసం వింది. కట్టెలు చిటపటలాడినప్పుడల్లా ఉలిక్కిపడింది. లోపల ఏదీ పగల్లేదు. సాయంత్రం మంట తగ్గేసరికి ఆ పిల్ల టీచర్ వైపు తిరిగి, ఈ ఏడాదిలో మొదటిసారి, పళ్ళు కనబడేలా నవ్వింది.

"చూశారా టీచర్? ఇటుకలాగే ఉంది. నేను చెప్పలేదూ?"

అవునమ్మా అంది టీచర్. అప్పుడే చెప్పేసి ఉంటే ఏమయ్యేదో ఏమో. ఎల్లుండి పెద్దాయన వచ్చి వెళ్ళాక చెబుదాం, కాళ్ళమీద పడైనా చెబుదాం అనుకుంది. చెప్పాల్సిన మాటకి ముహూర్తం చూసుకునేవాళ్ళు చెప్పరు.

పెద్దాయన మంచివాడే. చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు, ప్రతి పిట్టనీ ఎత్తి చూశాడు. తొట్టి దగ్గర మోచేతుల దాకా మునిగి మట్టి కలిపి చూపిస్తున్న చిన్నపిల్లల్ని చూసి ముచ్చటపడ్డాడు. తల దగ్గరికొచ్చేసరికి మాత్రం చెయ్యి వెయ్యలేదు, వంగి చూశాడు. కాలిన మట్టి ఎర్రదనంతో ఆ మొహానికి రక్తం వచ్చినట్టుంది. గుమ్మం దగ్గర మేస్త్రి తలపాగా విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, లోపలికి రాలేదు. నాయనమ్మ మాత్రం, "మా కోడలే, అచ్చంగా మా కోడలే" అని ఎవరూ అడక్కుండానే అందరికీ చెబుతోంది. ఆఫీసావిడ కళ్ళు తుడుచుకుని టీచర్ చెవిలో గుసగుసగా అంది, అయిపోయినట్టే, క్లాసు నడుస్తుంది, ఆయన ఒప్పుకున్నాడు అని.

అప్పుడు ఫొటో కావాలన్నారు. చేసిన పిల్లే ఆ తలని ఎత్తి పట్టుకోవాలన్నారు. నేను పట్టుకుంటాను, బరువుంటుంది అని టీచర్ ముందుకి ఉరికింది. అప్పటికే పిల్ల కాళ్ళు ఎడంగా పెట్టి, ఊపిరి బిగబట్టి, ఒక్క ఊపున ఎత్తింది. తల చివాల్న పైకి లేచింది, పిల్ల వెనక్కి తూలింది. కెమెరా టకటకలాడింది.

పిల్ల చేతుల్లో ఉన్న తలని ఒకసారి కిందికీ పైకీ ఆడించి చూసింది. మెల్లిగా బల్లమీద పెట్టింది. జుట్టుపాయల కింద వేలు పోనిచ్చి చుట్టూ తడిమింది, ఒకచోట వేలు ఆగింది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఆ సందడిలో టీచర్ వంగి, పిల్లకి మాత్రమే వినబడేలా, కొయ్యకపోతే దక్కేది కాదు తల్లీ అంది.

"నాన్న కూడా అదే అన్నాడు."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బావుండేది. తర్వాత, తెలియక అడిగే పిల్లలా మొహం ఎత్తి అడిగింది.

"లోపల తీసిందంతా ఏం చేశారు?"

టీచర్ ఏదో ఒకటి చెప్పేద్దామనుకుంది, దాచానని, పూడ్చిపెట్టానని. ఒక అబద్ధానికి ఇంకోటి తోడు చేర్చడానికి నోరు రాలేదు. తొట్టివైపు చూసింది, ఆ చూపే సరిపోయింది.

పిల్ల తలని బల్లమీదే వదిలేసి తొట్టి దగ్గరికి వెళ్ళింది. గోడకి తగిలించిన ఖాళీ గోనెసంచి తీసుకుని పక్కన పరుచుకుని, తొట్టిలోకి వంగి రెండు చేతులతో మట్టి తోడి అందులో వెయ్యడం మొదలుపెట్టింది. ఏది ఎవరిదో తెలిసే దారి లేదు కాబట్టి మొత్తం తోడుతోంది. చిన్నపిల్లలు చేతుల్లో ఉన్న ముద్దలు గట్టిగా పట్టుకుని బిత్తరపోయి చూస్తే, ఇచ్చెయ్యండిరా అంది. ఆ గొంతు విని ఇచ్చేశారు. ఒకడు చేసుకున్న పిట్ట కూడా నలిపి ఇచ్చాడు. పెద్దాయనకి ఇదంతా పాఠంలో భాగమనిపించింది కాబోలు, పిల్లలకి మట్టంటే ఎంత ప్రేమో చూడండి అని ఆఫీసావిడతో అంటున్నాడు. ఫొటోలు తీస్తూనే ఉన్నారు. గుమ్మం దగ్గర మేస్త్రి మాత్రం గోడకి చేరబడి మొహం తలపాగాలో దాచుకున్నాడు.

టీచర్ వెళ్ళి తొట్టికి ఇవతల మోకాళ్ళమీద కూర్చుంది. అడుగున అంటుకున్నది గోళ్ళతో గీకి, దోసిట్లో పట్టుకుని, గోనె నోరు తెరవడానికి చెయ్యి చాపింది. పిల్ల తలెత్తకుండా గోనెని తనవైపు లాక్కుంది.