కారణం రాయనిదే టిక్కు పెట్టదు

ప్రవేశ పరీక్షకు పన్నెండు రోజులే ఉన్నాయి. ఇంగ్లీషు గ్రామర్‌లో మా అమ్మాయిని వెనక బ్యాచ్‌కి మార్చారని తెలిసి కోచింగ్ సెంటర్‌కి వెళ్ళాను.

"తప్పులు చేయదండీ, ఆలస్యం చేస్తుంది," అన్నాడు అక్కడి మాస్టారు. "నాలుగు వాక్యాల్లో చెవికి ఏది బాగుంటే దానికి టిక్కు పెట్టి ముందుకు పోవాలి. ఈవిడగారు ప్రతి జవాబు పక్కనా తెలుగులో కారణం రాస్తుంది. పరీక్షేమన్నా పంచాయితీయా?"

"మా ఇంట్లో ఎవరూ ఇంగ్లీషు మాట్లాడరు సార్," అంది అమ్మాయి. "నా చెవికి నాలుగూ బాగానే ఉంటాయి."

కారణం చెప్పడం వాళ్ళమ్మ దగ్గర అలవాటైంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. కూరలు తరుగుతూ, ఆ జవాబే ఎందుకని అడిగేది. తనకు అర్థమయ్యేదాకా పిల్లను లేవనిచ్చేది కాదు. ఆమె పోయి నెలైంది. ఇరవై ఏళ్ళుగా బడిలో పాఠాలు చెబుతున్నాను, అంత ఓపిగ్గా నేనెవరినీ అడగలేదు.

మాస్టారు కొత్త పేపరు తీశాడు. "కారణాలు రాయకుండా ఇది చెయ్యమ్మా. ఇప్పుడే పాత బ్యాచ్‌లో కూర్చోబెడతాను."

"వెనక బ్యాచ్‌లోనే ఉంటాను సార్. పేపర్లు మాత్రం రోజుకి రెండివ్వండి."

"ఒక్కటే పూర్తిచేయలేకపోతున్నావు."

"అందుకే రెండు. వేగం నేర్చుకుంటాను, కారణాలు మానను."

ఆయన నా వైపు చూశాడు, పిల్లకు నచ్చజెబుతానేమోనని.

"రోజుకి రెండు ఇవ్వండి," అన్నాను.